అమ్మయ్యకొండకి ఆ పేరెలా వచ్చింది

దేవదానం మాస్టారు ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకి కొండల గురించి పాఠాలు చెబుతున్నాడు గానీ, జన్మలో ఒక్క కొండా ఎక్కలేదు.

రేపల్లె దారిలో ఉన్న మొగలిగుంట హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో హిమాలయాలు గీశాడంటే ఏడో తరగతి పిల్లలకి నిజంగానే చలేసేది. శివాలిక్ కొండలు ఇవీ, హిమాద్రి ఇదీ, ఈ కనుమ దాటితే టిబెట్ అంటూ తానే గొర్రెల మందతో ఆ దారంట నడిచొచ్చినట్టు చెప్పేవాడు. తీరా కిటికీలోంచి చూస్తే కనుచూపు మేరా వరిమళ్ళు, కాలవగట్టు, మళ్ళీ వరిమళ్ళు. ఆ వూళ్ళో నేల ఎంత చదునంటే, సైకిలు తొక్కేవాడు తొక్కడం మానేస్తే ఎక్కడి బండి అక్కడే ఆగిపోతుంది.

ఎక్కకపోవడానికి కొండల్లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆయనకి ఎత్తంటే భయం. ఇంట్లో ట్యూబులైటు మార్చాలంటే స్టూలెక్కేది ఆయన భార్య జెస్సీ. ఆయన కింద నిలబడి స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"పైనున్నది నేనైతే కళ్ళు తిరిగేది మీకేంటండీ?" అనేది జెస్సీ, పాత ట్యూబు కిందకి అందిస్తూ.

స్కూలు పిల్లల్ని కొండవీడు తీసుకెళ్ళిన ప్రతిసారీ ఆయన బస్సు దగ్గరే టిఫిను క్యారియర్లకి కాపలా ఉండిపోయేవాడు. పిల్లలు దిగొచ్చాక, పైన వాళ్ళు చూసినవాటికి పేర్లు మాత్రం ఆయనే చెప్పేవాడు.

అలాంటి మనిషికి జూలై నెలాఖర్లో, నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో, బాపట్ల నుంచి ఒక కాగితం వచ్చి పడింది. జిల్లాలో చూడదగ్గ చోట్ల గురించి పుస్తకం వేస్తున్నారట. సూర్యలంక సముద్రం గురించి రాస్తామని పదిమంది పోటీ పడుతున్నారు గానీ ఎత్తయిన ప్రదేశాల అధ్యాయానికి ఎవరూ దొరకలేదు. అందుకని మండలానికొక కొండో గుట్టో చూసి ఒక పేజీ పంపమన్నారు. దాని భౌగోళిక స్వరూపం, పేరెలా వచ్చింది, శిఖరం మీద కట్టడముంటే దాని చరిత్ర. గడువు పదిహేను రోజులు.

హెడ్మాస్టరు కృష్ణకాంత్ రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చే మనిషి. వచ్చిన కాగితాన్ని రైలెక్కేలోపు ఎవరో ఒకరికి అంటగడితే గానీ ఆయనకి టీ దిగదు.

"మన మండలంలో కొండేదండీ?" అన్నాడు దేవదానం.

"అమ్మయ్యకొండ ఉందిగా మాస్టారూ."

"అది దిబ్బండి. వర్షమొస్తే మేకలెక్కి నిలబడే దిబ్బ."

"దానిపేర్లో కొండ ఉందా లేదా?"

"ఉందండి."

"శిఖరం మీద కట్టడం ఉందా లేదా?"

"బురుజుందండి."

"మరింకేం కావాలి? రాసెయ్యండి," అని కృష్ణకాంత్ గ్లాసెత్తి టీ తాగేశాడు.

అమ్మయ్యకొండ ఊరికి తూర్పున, పిల్లకాలవ వంపు తిరిగేచోట పోరంబోకులో ఉంది. మూడంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. చుట్టూ తుమ్మచెట్లు, పైన ఎర్ర ఇటుకల బురుజు. బురుజు లోపల మెట్లు, ఆ పైన పిట్టగోడ. చుట్టుపక్కల పది మైళ్ళలో అంతకన్నా ఎత్తయినవి సెల్ టవర్లూ, కొబ్బరిచెట్లే కాబట్టి ఊరివాళ్ళ లెక్కలో అది కొండే. పక్కవూరి నుంచి వచ్చిన కోడళ్ళెవరైనా దాన్ని దిబ్బ అన్నారంటే మాత్రం అత్తగారికి కోపమొచ్చేది.

పేరు సంగతి తెలుసుకోవాలంటే ముందు చెంచురామయ్యగారినే అడగాలనుకున్నాడు దేవదానం. ఎనభై రెండేళ్ళ మనిషి. కొండ పక్కన పొలం వాళ్ళదే, బురుజు కట్టించింది ఆయన తండ్రే. అరుగు మీద పడకకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న పెద్దాయన విషయం వినగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"రాసుకోవయ్యా మాస్టారూ. అమ్మ అంటే పార్వతీదేవి. అయ్య అంటే పరమేశ్వరుడు. ఇద్దరూ కైలాసం నుంచి దక్షిణాదికి వస్తూ వస్తూ ఇక్కడ ఆగారు. అమ్మా అయ్యా ఆగిన కొండ. అమ్మయ్యకొండ."

"ఇక్కడెందుకు ఆగారండీ?"

"ఆగాలనిపించి ఆగారు. దేవుళ్ళని సంజాయిషీ అడుగుతావా?"

దేవదానం గబగబా రాసుకున్నాడు. "మరి బురుజు సంగతండీ?"

పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు. "జపానువాళ్ళు బాంబులేసిన ఏడు. నేను అమ్మ కడుపులో ఉన్నాను. సముద్రంలో శత్రువుల ఓడలొస్తున్నాయని తెల్లదొరలు బెంబేలెత్తిపోతుంటే, మా నాన్న సొంత ఖర్చుతో ఆ బురుజు కట్టించి రోజూ పొద్దునే ఎక్కి సముద్రం వైపు చూసేవాడు. ఒకరోజు ఓడ కనపడింది. వెంటనే బాపట్లకి కబురు చేశాడు. ఓడ వెనక్కి తిరిగిపోయింది."

"కబురు అందేలోపే తిరిగిపోయిందాండీ?"

"మా నాన్నని చూసి తిరిగిపోయింది," అన్నాడు చెంచురామయ్య.

లోపల్నుంచి ఎవరో దగ్గారు. పెద్దాయన భార్య సుబ్బరత్నమ్మ. అది దగ్గో నవ్వో దేవదానానికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రానికే కబురు పాకిపోయింది. చర్చి సెక్రటరీ రమేష్ బాబు స్కూటరేసుకుని ఇంటికొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏ పనైనా తన సంతకంతోనే మొదలవ్వాలనుకునే మనిషి. కాలవవతల నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాడు.

"అన్నయ్యా, నువ్వు మన సంఘస్తుడివై ఉండి ఆ కథ రాస్తావా? అమ్మయ్యమ్మ అని, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన మన మొదటి బైబిలమ్మ. ఆ కొండెక్కి, అచ్చం ప్రభువు కొండమీద ప్రసంగం చేసినట్టు, ప్రసంగం చేసేది. అమ్మయ్యమ్మకొండ వాడకంలో అమ్మయ్యకొండయింది."

"ఏ సంవత్సరంలో తమ్ముడూ?"

"పూర్వం."

"చర్చి రిజిస్టర్లో ఎక్కడైనా ఉందా ఆవిడ పేరు?"

"రిజిస్టరు చెదలు తినేసింది. మిగిలిన పేజీలన్నిటికీ నేనే అట్టవేయించాను. అమ్మయ్యమ్మ ఉన్న పేజీనే పోయింది," అని రమేష్ బాబు నిట్టూర్చాడు.

దేవదానం ఎవర్నీ నొప్పించలేని మనిషి. ఆ రాత్రే "కొందరి కథనం ప్రకారం", "మరికొందరి అభిప్రాయం ప్రకారం" అంటూ ఒక పేజీ రాశాడు. మర్నాడు చెంచురామయ్యగారికి చదివి వినిపిస్తే, "మేం కొందరమా?" అన్నాడు. రమేష్ బాబుకి వినిపిస్తే, "మేం మరికొందరమా?" అన్నాడు. పెద్దాయన వైపు నుంచి ఒక అరటిగెల వచ్చింది. రమేష్ బాబు వైపు నుంచి, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం ఈసారి ఇంకెవరికైనా ఇద్దామనుకుంటున్నామన్న మాట వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ వేషం దేవదానానిదే.

"అరటిగెల తిరిగిచ్చెయ్యండి. హేరోదు పీడ కూడా వదుల్తుంది," అంది జెస్సీ.

"పేజీ రాయాలి కదా."

"తెలిసింది రాయండి."

"తెలిసిందేం లేదు. అదే కదా బాధ," అన్నాడాయన.

కనీసం ఎత్తయినా సరిగ్గా రాద్దామని గ్రామ సచివాలయానికి వెళ్ళాడు. అక్కడ సర్వేయరు సింధు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. భూముల రీసర్వే కోసం ఇచ్చిన యంత్రముంది ఆమె దగ్గర. నిలువెత్తు కర్ర, కర్ర చివర పుట్టగొడుగులాంటి టోపీ. దాన్ని ఎక్కడ నిలబెడితే అక్కడి ఎత్తు చేతిలో ఉన్న ఫోనులాంటి దాంట్లో పడుతుంది.

"కొలుద్దాం సార్, ఎంతసేపు! మీరూ రండి."

"నేను కింద ఉండి రాసుకుంటానమ్మా."

"హిమాలయాలన్నీ ఎక్కించింది మీరే కదా సార్ మమ్మల్ని," అంది సింధు. ఆ పిల్ల ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అంది. అందుకే ఆయన కాదనలేకపోయాడు.

వర్షం పడి మట్టి జారుతోంది. సింధు కర్ర భుజాన వేసుకుని టకటకా ఎక్కేసింది. దేవదానం సగం దూరం రెండు కాళ్ళ మీద, మిగతా సగం నాలుగు కాళ్ళ మీద ఎక్కాడు. ప్యాంటుకి బురద, చేతులకి తుమ్మముళ్ళు. కిందకి చూడకూడదని ముందున్న గడ్డిపరకల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. చివరికి చేతికి ఇటుక తగిలింది. బురుజు గోడకి చేరగిలబడి కూలబడిపోయి, గుండెల్లో ఉన్న గాలంతా బయటికి వదిలి, "అమ్మయ్య!" అన్నాడు.

గోడకవతల్నుంచి కిచకిచమని నవ్వు వినపడింది.

లక్ష్మమ్మ. ఎనభై ఐదేళ్ళ మనిషి. రెండు మేకల్ని వదిలిపెట్టి నీడలో కూర్చుంది. రోజూ ఎక్కుతుంది, రోజూ దిగుతుంది.

"దాని పేరు కోసం ఊరంతా తిరుగుతున్నావంటగా నాయనా. ఇప్పుడు నువ్వన్నదే దాని పేరు."

"ఏమన్నాను పెద్దమ్మా?"

"అమ్మయ్య అన్లా? అదే."

అప్పుడు చెప్పింది లక్ష్మమ్మ. పిల్లకాలవ తవ్వేటప్పుడు ఆవిడ అత్తగారు మరియమ్మ పెళ్ళికాని పిల్ల. కాలవకి అటూ ఇటూ ఉన్న ఆసాములు తవ్విన మట్టి మా పొలంలో పొయ్యొద్దంటే మా పొలంలో పొయ్యొద్దన్నారు. ఎటూ తోచక మేస్త్రీ మట్టంతా తెచ్చి ఈ పోరంబోకులో పొయ్యమన్నాడు. పోసినకొద్దీ ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగినకొద్దీ తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కాలి. రెండు ఎండాకాలాలు మోశారు. పైకెక్కి తట్ట బోర్లించగానే ప్రతి మనిషీ నడుము పట్టుకుని అమ్మయ్య అనేది. మట్టి ఎక్కడ పొయ్యాలి మేస్త్రీ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "అదుగో, ఆ అమ్మయ్య దగ్గర," అనేవాడు.

"మా అత్త చెప్పి చెప్పి నవ్వేది. రోజుకి నూరుసార్లు పెట్టానే పిల్లా దానికి పేరు, అనేది."

దేవదానం రాసుకోవడం మర్చిపోయి వింటున్నాడు. ఇరవయ్యారేళ్ళు ముడుత పర్వతాలూ, అగ్నిపర్వతాలూ చెప్పాడు. తట్టలతో పుట్టిన పర్వతం పుస్తకంలో లేదు.

"తొమ్మిది మీటర్ల నలభై సెంటీమీటర్లు సార్, చుట్టూ ఉన్న నేల మీద," అని అరిచింది సింధు. తర్వాత బురుజు గోడ దగ్గరికి వంగి, "సార్, ఈ ఇటుక మీద ఏదో అచ్చుంది. పంతొమ్మిదొందల యాభై ఆరు."

"యాభై ఆరా? అప్పటికి జపానువాళ్ళు యుద్ధంలో ఓడిపోయి పదేళ్ళు దాటిందే!"

లక్ష్మమ్మ మళ్ళీ నవ్వింది. "జపానెవరు నాయనా? ఆ తూము కోసం కట్టారు ఇది. నేను పెళ్ళై వచ్చిన కొత్త."

కాలవ నీళ్ళు వంతుల ప్రకారం పారేవి. శివారు పొలాల వంతు వచ్చిన రోజున ఎగువనున్నవాళ్ళు తూము తలుపెత్తి తమ మళ్ళలోకి పెట్టేసుకునేవారు. ఆ దొంగల్ని పట్టడానికని చెంచురామయ్యగారి తండ్రి బురుజు కట్టించి, సమాధానం అనే లక్ష్మమ్మ మొగుణ్ణి కావలి పెట్టాడు. ఎవరైనా తూము ముడితే రేకుడబ్బా వాయించాలి. సమాధానం పద్ధతైన మనిషి. ఒకనాడు తెల్లారగట్ల తూము దగ్గర మనిషి కనపడ్డాడు. వాయించాడు. ఊరంతా కర్రలు పట్టుకుని పరిగెత్తింది. వెళ్ళి చూస్తే పంచె ఎగ్గట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నది బురుజు కట్టించిన ఆసామే. ఎగువన ఆయనకి ఇంకో రెండెకరాలుంది.

"ఏమన్నాడు పెద్దమ్మా మరి?"

"తెరవట్లా, మూస్తన్నా అన్నాడు. అయినా బురుజు మీంచి తూము కనపడనే కనపడదు, సమాధానం తాగి వాయించాడు అన్నాడు. పనిలోంచి తీసేశాడు. మా ఆయన సారా వాసన కూడా ఎరగడు నాయనా. పోయేదాకా ఆ మాటే తలుచుకునేవాడు." లక్ష్మమ్మ నవ్వలేదీసారి. మేకని అదిలించింది.

కొండ దిగేటప్పుడు దేవదానం కూర్చుని జారుకుంటూ దిగాడు. భయం కన్నా ఆలోచన ఎక్కువగా ఉంది.

మర్నాడు చెంచురామయ్యగారింటికి వెళ్ళి, నీళ్ళు నమిలి, లక్ష్మమ్మ చెప్పిందంతా చెప్పాడు. ఇటుక మీది అచ్చు గురించి కూడా చెప్పాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది.

"ఒక్క మాటడుగుతాను చెప్పు," అన్నాడు. "తూముకీ బురుజుకీ మధ్యన తాటితోపుంది. పైనుంచి తూము కనపడదు. కనపడని తూముని సమాధానం ఎట్లా చూశాడు?"

"ఏమోనండి. నేను చూడలేదు."

"చూడు. ఆదివారం సాయంత్రం అందరి ముందూ ఎక్కి చూడు. నువ్వే ఎక్కాలి. తూము కనపడితే ఆవిడ చెప్పింది రాసుకో. కనపడకపోతే జపాను ఓడే."

దేవదానానికి ఎత్తంటే ఎంత భయమో ఊళ్ళో తెలియనిది పసిపిల్లలకి మాత్రమే. పెద్దాయన గెలిచినట్టే కుర్చీలో వెనక్కి వాలాడు. దేవదానానికి మాత్రం సారా వాసన కూడా ఎరగడు నాయనా అన్న మాట చెవిలో అట్లాగే ఉంది.

"సరేనండి," అన్నాడు. అన్నాక తనే అదిరిపోయాడు.

ఆదివారం నాలుగింటికి తిరణాల్లా ఉంది అమ్మయ్యకొండ దగ్గర. కృష్ణకాంత్ సెలవు రోజైనా తెనాలి నుంచి వచ్చాడు. చెంచురామయ్యని ప్లాస్టిక్ కుర్చీతో సహా నలుగురు మోసి పైకి తెచ్చారు. సుబ్బరత్నమ్మ తన కాళ్ళ మీదే ఎక్కింది. లక్ష్మమ్మ ఉతికిన చీర కట్టుకుని మేకల్లేకుండా వచ్చింది. సింధు మెట్లన్నీ గట్టిగా ఉన్నాయో లేదో ముందే ఎక్కి చూసింది. ఒక్క రమేష్ బాబే కనపడలేదు. అలిగాడనుకున్నారు.

"మొత్తం ఇరవై మూడు మెట్లు సార్," అంది సింధు.

"అన్నెందుకమ్మా?" అన్నాడు దేవదానం.

జెస్సీ ఆయన వెనకే వచ్చి నడుము మీద చెయ్యి వేసింది. "మీరు కళ్ళు మూసుకోండి. నేను లెక్కపెడతాను."

ఐదో మెట్టు దగ్గర ఆయన కీర్తన మొదలుపెట్టాడు. పదో మెట్టు దగ్గర చరణం మర్చిపోయాడు. పన్నెండో మెట్టు మీద గబ్బిలమొకటి చెవి పక్కనుంచి పోతే, అక్కడే కూర్చుని రాజీనామా చేసేస్తానన్నాడు. దేనికి రాజీనామా అని జెస్సీ అడగలేదు. "పదమూడు," అంది. పదిహేడు దగ్గర గాలి తగిలింది. ఇరవై మూడు దగ్గర పిట్టగోడ చేతికి అందింది. దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"తెరవండి."

"ఇంకాసేపాగి."

"ఊరంతా చూస్తోందండీ."

తెరిచాడు. ముందు ఆకాశం కనపడింది. దాన్నించి మెల్లిగా కిందకి దించాడు చూపు. తూర్పున చివరెక్కడో వెండి గీతలాంటిది, సముద్రమో మబ్బో తెలీలేదు. ఇవతల నాట్లు పడ్డ మళ్ళు, పడని మళ్ళు, పచ్చ పలకలూ అద్దాలూ పక్కపక్కన పరిచినట్టు. వాటి మధ్యన పిల్లకాలవ. పుట్టినప్పట్నుంచీ దాని పక్కనే నడిచాడు గానీ అదెక్కడ వంగుతుందో, ఎందుకు వంగుతుందో ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక్క నిమిషం భయం సంగతి గుర్తు రాలేదు.

"తూము కనపడిందా లేదా?" అని కింద నుంచి చెంచురామయ్య కేక.

తాటితోపు వైపు చూశాడు. చెట్లున్నాయి. కానీ తాటిచెట్లకి కొమ్మలుండవు. బోదెల మధ్య సందుల్లోంచి తూము తలుపు, దాని ఇనప చక్రం, అరచేతిలో పెట్టినట్టు కనపడుతున్నాయి. చక్రం తిరుగుతోంది కూడా.

దేవదానం కళ్ళు చిట్లించాడు. చక్రం దగ్గరొక మనిషి. ఆదివారం తెల్లచొక్కా. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. జేబులో రెండు పెన్నులు.

ఇరవయ్యారేళ్ళుగా చివరి బెంచీని అదిలించిన గొంతు అది. దానంతటదే లేచింది.

"రమేష్ బాబూ!"

గాలి అటే వీస్తోంది. తూము దగ్గరి మనిషి ఉలిక్కిపడ్డాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఎవరూ లేరు. ఆదివారం పూట పైనుంచి తన పేరు పెట్టి పిలుపు వినపడేసరికి, మెల్లిగా తలెత్తి ఆకాశంలోకి చూశాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. వదిలేసిన చక్రం గిర్రున వెనక్కి తిరిగి మోచేతికి తగిలింది. సెక్రటరీగారు కాలవలో పడ్డాడు.

"కనపడిందండీ!" అని అరిచాడు దేవదానం. "తూమూ కనపడింది, రమేష్ బాబూ కనపడ్డాడు!"

ఆ రోజు వంతు శివారు పొలాలది. అందులో చెంచురామయ్యగారి ఎకరాలూ ఉన్నాయి, లక్ష్మమ్మ కొడుకు కౌలుకి చేసే అరెకరమూ ఉంది. పదిమంది పరిగెత్తి నడుములోతు నీళ్ళలో నిలబడ్డ రమేష్ బాబుని గట్టెక్కించి, కారుతున్న బట్టలతోనే కొండ మీదికి తీసుకొచ్చారు. ఒక పెన్ను పోయింది.

"నేను తెరవలేదండి. మూద్దామనే వెళ్ళాను. ఎవరో తెరిచుంటే మూస్తున్నాను," అన్నాడు.

అందరూ చెంచురామయ్య వైపు చూశారు. పెద్దాయన గెడ్డం వణికింది. కోపమనుకున్నారు. కానీ పొట్ట కూడా కదిలింది. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఒరే, మా నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నాడ్రా!"

"అనడమేంటి, నాతోనే చెప్పారు మామగారు," అంది సుబ్బరత్నమ్మ. "నాకు పెళ్ళైన కొత్తలో. 'మూయడం కాదమ్మాయ్, తెరవడమే. ఆ సమాధానం కళ్ళు గద్ద కళ్ళు,' అన్నారు. ఈయనకి చెబితే నోరు ముయ్యమన్నాడు. అరవై ఏళ్ళు మూశాను. ఇంక నా వల్ల కాదు."

చెంచురామయ్య నవ్వు ఆగిపోయింది. తర్వాత లక్ష్మమ్మ వైపు తిరిగి, "సమాధానం తాగలేదు," అన్నాడు. గొంతు పెద్దగా లేదు గానీ అందరికీ వినపడింది. "మా నాన్న అన్నది అబద్ధం. నేనూ అదే అబద్ధం చెప్పాను, ఇన్నాళ్ళూ."

లక్ష్మమ్మ చీర కొంగు సరిచేసుకుని, బురుజు పైకి ఒకసారి చూసి, "ఆ అబ్బాయిని దించండయ్యా ఎవరైనా. దిగలేక అట్టాగే నిలబడ్డాడు," అంది.

నిజమే. ఎక్కడం వేరు, దిగడం వేరు. దేవదానాన్ని దించడానికి జెస్సీకీ సింధుకీ అరగంట పట్టింది. ఒక్కో మెట్టూ కూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చుని దిగాడు. కిందకొచ్చాక కృష్ణకాంత్ చెయ్యి కలపబోతే, పట్టుకోవడానికి ఏదో దొరికిందని ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

ఆ వారమే పేజీ రాసి పంపాడు. పార్వతీ పరమేశ్వరులు లేరు, అమ్మయ్యమ్మ లేదు, జపాను ఓడ లేదు. చెంచురామయ్య ఒకే ఒక్క సవరణ కోరాడు: ఇటుకల ఖర్చు తన తండ్రిదేనని రాయమన్నాడు. అది నిజమే కాబట్టి రాశాడు. రమేష్ బాబు సవరణలేమీ కోరలేదు. హేరోదు వేషం మళ్ళీ దేవదానానికే ఇచ్చారు, ఎవరూ అడగకుండానే.

పేజీ రాసే ముందు రోజు సాయంత్రం ఆయన లక్ష్మమ్మ ఇంటికెళ్ళి మంచం పట్టె మీద కూర్చుని, కాలవ తవ్విన వాళ్ళ పేర్లు గుర్తున్నంత మట్టుకు చెప్పమని అడిగాడు. ఆవిడ వేళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. అత్తగారు చెప్పిన కబుర్లలోంచి ఒక్కొక్కరినే పట్టుకొచ్చింది. ఒకామె పాట కట్టేదట. ఒకాయన తట్టలో బిడ్డని కూర్చోబెట్టుకుని కిందకి దించేవాడట. మొత్తం పద్నాలుగు పేర్లు తేలాయి.

పదిరోజుల తర్వాత, ఏడో తరగతిలో ఉండగా బాపట్ల నుంచి ఫోనొచ్చింది. ఎవరో కుర్రగుమాస్తా, మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, మీ పేజీ బాగుందండి. చిన్న పొరపాటు దొర్లినట్టుంది. 'నిర్మించినవారు' అని పద్నాలుగు పేర్లు రాశారు. అవి బురుజు కింద రావాలి కదండీ? కొండ కింద వచ్చాయి."

"కొండ కిందే రావాలండి."

"కొండని ఎవరు కడతారండీ?"

"మా కొండని కట్టారండి."

అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు వినపడింది. పిల్లలు మాస్టారి మొహం వైపే చూస్తున్నారు. నల్లబల్ల మీద ఆ రోజు పిల్లకాలవ బొమ్మ ఉంది, వంపుతో సహా.

"ఇందులో కొన్ని పేర్లు సరిగా కనపడట్లేదండి, ఇంకు అలుక్కుంది," అన్నాడు కుర్రవాడు. "అచ్చులో తప్పు పడితే బాగోదు. ఒక్కసారి చదువుతారా, రాసుకుంటాను?"

దేవదానం సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రాసుకోండి," అన్నాడు. "మొదటి పేరు మరియమ్మ. యకారం కింద ఏమీ లేదు, మకారం కింద మకారం ఉంది."